మేజర్ లీగ్ ఆడిన కోచా, మైనర్స్ దాటని కోచా? పిల్లాడికి పిచింగ్ ఎవరి దగ్గర నేర్పించాలి?

న్యూజెర్సీ నించి ఒకాయన అడిగారు. వాళ్ళబ్బాయికి 12 ఏళ్ళు, బేస్‌బాల్ ట్రావెల్ టీమ్‌లో (ఊరూరా టోర్నమెంట్లకి తిరిగే టీమ్) పిచ్చర్, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడు. ఊళ్ళో లెసన్స్ చెప్పేవాళ్ళు ఇద్దరున్నారంట, ఒకాయన మేజర్ లీగ్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్ పైమెట్టులో, రెండు సీజన్లు ఆడిన మనిషి, గోడ నిండా ఫొటోలు, ఫీజు రెండో ఆయనకి డబుల్. రెండో ఆయన మైనర్స్‌లో, అంటే దాని కింది లీగ్‌ల్లో, ఆరేళ్ళు ఊరూరా బస్సుల్లో తిరిగి పైకి రాకుండానే ఆపేసి కోచింగ్‌లోకి దిగాడు. "పెద్దగా ఆడనివాడు మావాడికి ఏం నేర్పుతాడండీ, డబ్బులు పోతే పోయాయి మొదటాయన దగ్గరే వేద్దామా?" అని ప్రశ్న.

నేనైతే ముందు రెండో ఆయన దగ్గర ఒక లెసన్ తీసుకుంటా. మొదటాయన పనికిరాడని కాదు, ఆయన్ని కూడా చూడండి, కానీ ఆ గోడ మీద ఫొటోలు చూసి డబుల్ ఫీజు మాత్రం కట్టొద్దు. కోచ్ కెరీర్‌లో చూడాల్సింది ఆయన చెయ్యి మొరాయించిన రోజు తర్వాత ఏం చేశాడన్నది. ఆ రోజు ప్రతి పిచ్చర్‌కీ వస్తుంది, కొందరికి ఇరవై రెండేళ్ళకే వస్తుంది, కొందరికి నలభై దాటాక.

నా సంగతి కూడా చెప్పేస్తా, లేకపోతే వీడెవడు చెప్పడానికి అంటారు. నేను ప్రొఫెషనల్‌ని కాదు. గుంటూరులో డిగ్రీ రోజుల్లో ఇంటర్ కాలేజీ మ్యాచ్‌ల్లో ఫాస్ట్ బౌలింగ్ చేసేవాణ్ణి, భుజం పోయింది, ఉద్యోగానికి ఇటొచ్చా. డల్లాస్ పక్కన 11 ఏళ్ళుగా మా ఏరియా లీగ్‌లో వాలంటీర్ కోచ్‌ని, మొదట్లో మావాడి కోసం వెళ్ళా, వాడు కాలేజీకి పోయినా నేను ఆ గ్రౌండ్ వదల్లేదు. ఆ క్రమంలో లెసన్స్ చెప్పే పాత ప్రొఫెషనల్స్‌ని దగ్గరగా చూశా, కొందరి వెనక బకెట్ పట్టుకుని బంతులు ఏరా కూడా.

ఇప్పుడు అసలు విషయం. 2023 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గుర్తుందా, మా టెక్సస్ రేంజర్స్ అరిజోనా డైమండ్‌బ్యాక్స్ మీద 4-1తో గెలిచిన సిరీస్. అందరూ కోరీ సీగర్ కొట్టిన హోమ్ రన్స్ గురించి మాట్లాడుకుంటుంటే నేను రెండు డగౌట్లలో (టీమ్‌లు కూర్చునే చోటు) ఉన్న ఇద్దరు పెద్దమనుషుల్ని చూస్తూ కూర్చున్నా. రేంజర్స్ పిచింగ్ కోచ్ మైక్ మాడక్స్. డైమండ్‌బ్యాక్స్ పిచింగ్ కోచ్ బ్రెంట్ స్ట్రామ్, అప్పటికి ఆయనకి 75 ఏళ్ళు. మాడక్స్ పిచ్చర్‌గా 15 సీజన్లలో గెలిచినవి 39, ఓడినవి 37 (బేస్‌బాల్‌లో గెలుపోటములు పిచ్చర్ పేరున కూడా రాస్తారు). స్ట్రామ్ సంగతి ఇంకా ఘోరం, గెలిచినవి 22, ఓడినవి 39. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద బేస్‌బాల్ స్టేజి మీద రెండు వైపులా పిచ్చర్లకి పాఠాలు చెప్పేది ఈ ఇద్దరు, మీ న్యూజెర్సీ లెక్కలో అయితే ఇద్దరూ "పెద్దగా ఆడనివాళ్ళే".

స్ట్రామ్ కథ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పేదంతా ఆ ఒక్క కెరీర్‌లోనే ఉంది. ఎడమచేతి వాటం. 1972లో న్యూయార్క్ మెట్స్‌తో మొదలు, తర్వాత క్లీవ్‌లాండ్, తర్వాత శాన్ డియాగో, 1977తో మేజర్ లీగ్ కెరీర్ ఖతం, మోచేయి పోయింది. మీరు టామీ జాన్ సర్జరీ అనే మాట వినే ఉంటారు, మోచేతి లోపలి వైపు తెగిపోయిన లిగమెంట్ స్థానంలో ఒంట్లో ఇంకోచోటి నించి, మామూలుగా ముంజేతి నించి, టెండన్ తీసి కుట్టడం. 1974 సెప్టెంబర్‌లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ఆ ఆపరేషన్ మొదటిసారి చేసింది టామీ జాన్ అనే పిచ్చర్‌కి, అందుకే ఆ పేరు. ఆయన తర్వాత అది చేయించుకున్న రెండో పిచ్చర్ ఎవరనుకున్నారు? ఈ స్ట్రామే, 1978లో. టామీ జాన్ ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చి ఇంకో 164 మ్యాచ్‌లు గెలిచాడు, పేరు చరిత్రలో ఉండిపోయింది. స్ట్రామ్ మళ్ళీ మేజర్ లీగ్ మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) ఎక్కనేలేదు. అదే ఆపరేషన్, ఒకాయనకి పేరు, ఇంకొకాయనకి ఇంటిదారి.

అలాంటివాడు ఏం చేస్తాడండీ, ఇన్సూరెన్స్ అమ్ముకుంటాడు. ఈయన మాత్రం నా చెయ్యి ఎందుకు పోయింది అనే ప్రశ్న పట్టుకుని కూర్చున్నాడు. మైనర్స్‌లో ఏళ్ళ తరబడి పిల్లలకి నేర్పాడు, మధ్యలో హ్యూస్టన్ ఆస్ట్రోస్‌లో ఒకసారి, కాన్సస్ సిటీలో ఒకసారి మేజర్ లీగ్ కోచ్ ఉద్యోగం వచ్చింది, పోయింది. కార్డినల్స్ మైనర్ లీగ్‌లో చెప్పుకుంటూ ఉండగా 2014లో ఆస్ట్రోస్ మళ్ళీ పిలిచింది, అప్పటికి 65. మనవాళ్ళు ఆ వయసుకి రిటైరై వాకింగ్‌కి వెళ్తుంటారు. అక్కడ డాలస్ కైకెల్‌కి 2015లో సై యంగ్ అవార్డు (ఏడాదికి ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చేది) వచ్చింది, జస్టిన్ వెర్లాండర్‌కి 2019లో వచ్చింది. గెరిట్ కోల్ అనే పిచ్చర్ సంగతి అయితే నేను మా లీగ్ పేరెంట్స్‌కి ప్రతి ఏడూ చెప్తుంటా. పిట్స్‌బర్గ్‌లో 2017లో అతని ఈఆర్ఏ 4.26, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున నాలుగు రన్స్ పైనే ఇచ్చాడు, మన బౌలింగ్ యావరేజ్ లాంటి లెక్క అనుకోండి. ఆస్ట్రోస్‌కి రాగానే సింకర్ (చివర్లో కిందికి జారే బంతి) తగ్గించారు, కింద వేసే అలవాటు మాన్పించారు, నిటారుగా వచ్చే ఫోర్‌సీమర్ అనే ఫాస్ట్‌బాల్‌ని స్ట్రైక్ జోన్ (సరైన బంతిగా లెక్కేసే చోటు) పై అంచున వేయమన్నారు. 2018లో ఈఆర్ఏ 2.88, 2019లో 326 స్ట్రైకవుట్లు (బ్యాటర్ బంతి కొట్టలేక అవుటవడం). మనిషి అదే, చెయ్యి అదే. ఈ ఘనత స్ట్రామ్ ఒక్కడిదే కాదు, ఆ టీమ్‌లో డేటా చూసేవాళ్ళు ఒక పటాలం ఉండేవాళ్ళు. కానీ డెబ్బై ఏళ్ళ మనిషి, తన కాలంలో నేర్చుకున్నది పక్కన పెట్టి, లాప్‌టాప్ కుర్రాళ్ళు చెప్పింది అర్థం చేసుకుని దాన్ని పిచ్చర్‌కి బుర్రకెక్కే మాటల్లో చెప్పడం, కోచ్ అంటే నా దృష్టిలో అదీ. (2017 ఆస్ట్రోస్ అనగానే, చెత్తడబ్బా మీద కొట్టి రాబోయే బంతి ఏదో తమ బ్యాటర్లకి చెప్పిన గోల గుర్తు చేస్తారు కింద ఎవరో ఒకరు, అది బ్యాటింగ్ వైపు జరిగిన దొంగతనం, ఇక్కడ లాగొద్దు.)

మాడక్స్ సంగతి ఇంకా సరదా. ఆయన తమ్ముడు గ్రెగ్ మాడక్స్, 355 గెలుపులు, వరసగా నాలుగు సై యంగ్‌లు, హాల్ ఆఫ్ ఫేమ్. అన్న 39, తమ్ముడు 355. మరి ఇద్దర్లో మేజర్ లీగ్ ఫుల్‌టైమ్ పిచింగ్ కోచ్ అయింది ఎవరు? అన్నే. 2003లో మిల్వాకీతో మొదలుపెట్టి రేంజర్స్, నేషనల్స్, కార్డినల్స్, మళ్ళీ రేంజర్స్.

ఇది మనకి తెలియనిదేం కాదు. ఎంసెట్ లాంగ్‌టర్మ్ చదివినవాళ్ళు ఒప్పుకుంటారు, ఫస్ట్ అటెంప్ట్‌లో వందలోపు ర్యాంక్ కొట్టినోడిని ప్రాబ్లం అడిగితే "ఇందులో ఏముందిరా, ఇలా చేసెయ్" అని రెండు లైన్లు గీకి పోతాడు. రెండో అటెంప్ట్‌లో సీటు తెచ్చుకున్నోడు మాత్రం ఎక్కడ తప్పుతావో ముందే చెప్తాడు, తను తప్పాడు కాబట్టి. మైక్ మాడక్స్ పదిహేనేళ్ళు లీగ్‌లో బతకడానికి ప్రతి సీజన్ ఏదో ఒకటి మార్చుకోవాల్సి వచ్చింది, స్టార్టర్‌గా (మ్యాచ్ మొదలుపెట్టే పిచ్చర్) పనికిరాకపోతే రిలీవర్ (మధ్యలో దిగేవాడు), టీమ్ వద్దంటే ఇంకో టీమ్. అలాంటివాడి దగ్గర చిట్కాల మూట పెద్దదిగా ఉంటుంది.

అయితే ఒక్క మాట, ఇదంతా చూసి గొప్పగా ఆడినవాళ్ళు నేర్పలేరు అనుకుంటే అది కూడా తప్పే. ఈ లెక్కలో ఒక మోసం ఉంది. కోట్లకి కోట్లు సంపాదించినవాడు కోచ్ అవ్వడానికి మళ్ళీ కింద లీగ్‌లో బస్సెక్కి తక్కువ జీతానికి ఎందుకు పోతాడు? పోడు. డబ్బు మిగలనివాడే పోతాడు. అందుకే కోచ్‌ల్లో మామూలు ఆటగాళ్ళు ఎక్కువ కనిపిస్తారు, అంతమాత్రాన ఓడిపోవడమే అర్హత అయిపోదు. మెల్ స్టాటిల్‌మైర్‌ని చూడండి, యాంకీస్‌కి 164 మ్యాచ్‌లు గెలిపించిన పిచ్చర్, 1974లో భుజంలో రొటేటర్ కఫ్ (భుజం కీలుని పట్టి ఉంచే కండరాలు) చిరిగి ఆట పోయింది. తర్వాత మెట్స్ కోచ్‌గా ఉన్నప్పుడు 1985లో డ్వైట్ గుడెన్ అనే ఇరవై ఏళ్ళ కుర్రాడు 24 గెలిచి 4 ఓడాడు, ఈఆర్ఏ 1.53. ఆ తర్వాత యాంకీస్‌ కోచ్‌గా నాలుగు వరల్డ్ సిరీస్ గెలుపులు. ఇక్కడ కూడా చిరిగిన భుజం ఉంది చూశారా, గొప్పవాడే కానీ దెబ్బ తిన్నవాడు.

జానీ సెయిన్ ఇంకా పాతకాలం. నాలుగుసార్లు సీజన్‌కి ఇరవై లేదా ఆపైన గెలిచాడు, 1947లో జాకీ రాబిన్సన్ (ఆధునిక కాలంలో మేజర్ లీగ్ ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు) మేజర్ లీగ్‌లో మొదటిసారి బ్యాట్ పట్టుకుని నిలబడినప్పుడు ఎదురుగా బంతి వేసింది ఈయనే. వేగం ఉన్న పిచ్చర్ కాదు, బంతి తిప్పి బతికాడు. కోచ్ అయ్యాక ఆయన చేతిలో పడ్డవాళ్ళ చిట్టా చూస్తే కళ్ళు తిరుగుతాయి: 1961లో వైటీ ఫోర్డ్ 25 గెలుపులు, 1966లో జిమ్ కాట్ 25, 1968లో డెనీ మెక్‌లైన్ 31, ముప్ఫై దాటడం మళ్ళీ ఇప్పటిదాకా ఎవరివల్లా కాలేదు. ఆయన పద్ధతులు ఆ రోజుల్లో విడ్డూరం. పిచ్చర్లని గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించడం శుద్ధ దండగ అనేవాడు, చెయ్యి బలపడాలంటే బంతి విసరాలి గానీ కాళ్ళు అరగదీసుకుంటే ఏమొస్తుంది అని. కడ్డీకి బంతి గుచ్చి స్పిన్ ఎలా తిరుగుతుందో చేత్తో తిప్పి చూసుకునే పరికరం ఒకటి తయారు చేసి అందరికీ ఇచ్చేవాడు. మేనేజర్లతో పడేది కాదు, అందుకే గెలిపించిన చోటి నించి కూడా పంపించేశారు, ఒక చోట మూడేళ్ళు, ఇంకోచోట రెండేళ్ళు.

సెయిన్ శిష్యుడే లియో మజోనీ. ఈయన మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు, అచ్చంగా మీ రెండో కోచ్ లాంటివాడు. 1990 నించి 2005 దాకా అట్లాంటా బ్రేవ్స్ పిచింగ్ కోచ్, ఆ కాలంలో ఆ పిచ్చర్లకి ఆరు సై యంగ్‌లు. డగౌట్‌లో ఉయ్యాల బల్ల మీద కూర్చున్నట్టు ముందుకీ వెనక్కీ ఊగుతూ కూర్చునేవాడు, పాత వీడియోల్లో చూడండి నవ్వొస్తుంది. అందరూ మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య ఒకసారి బుల్‌పెన్‌లో (పిచ్చర్లు వార్మప్ చేసే చోటు) వేయిస్తే ఈయన రెండుసార్లు వేయించేవాడు, కాకపోతే పూర్తి బలం పెట్టకుండా, మెల్లగా, కావలసిన చోట పడేలా. తరచుగా విసరాలి, తక్కువ బలంతో విసరాలి. సరే, తర్వాత ఏమైంది? 2006లో బాల్టిమోర్ ఓరియోల్స్ పిలిచింది, ఏదో అద్భుతం జరిగిపోతుంది అనుకున్నారు, రెండు సీజన్లు గడిచేసరికి ఇంటికి పంపారు. అట్లాంటాలో ఆయన ముందున్నది గ్లావిన్, స్మోల్ట్జ్, మాడక్స్ (తమ్ముడు). బాల్టిమోర్‌లో అలాంటివాళ్ళు లేరు. కాబట్టి ఏ కోచ్ అయినా "నా శిష్యుడు ఫలానా కాలేజీకి సెలెక్ట్ అయ్యాడు" అని లిస్ట్ చూపిస్తే ఆ పిల్లోడు చేరేటప్పటికే ఎంత ఆడేవాడో కూడా అడగండి.

ఇంకొకాయన గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, టామ్ హౌస్. రిలీవర్, మొత్తం 29 గెలుపులు, బంతికి పెద్ద వేగం లేదు. 1974 ఏప్రిల్ 8న హాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డ్ దాటినప్పుడు ఆ బంతి వెళ్ళి పడింది బ్రేవ్స్ బుల్‌పెన్‌లో, పట్టుకున్నది ఈయనే, జనానికి ఆయన గుర్తుండేది అందుకే. 1985లో రేంజర్స్ కోచ్ అయ్యాక పిచ్చర్లకి అమెరికన్ ఫుట్‌బాల్ ఇచ్చి విసరమన్నాడు. లీగ్ మొత్తం నవ్వింది. కానీ లాజిక్ చూడండి, బేస్‌బాల్‌ని ఎలా వంకరగా విసిరినా వెళ్తుంది, ఫుట్‌బాల్ మాత్రం చెయ్యి సరైన దారిలో రాకపోతే గాల్లో గింగిరాలు కొట్టి పరువు తీస్తుంది. అంటే తప్పు చేస్తే కోచ్ చెప్పక్కర్లేదు, బంతే చెప్తుంది. నోలన్ రయాన్ 44 ఏళ్ళ వయసులో 1991లో ఏడో నో-హిట్టర్ (ఎదుటి టీమ్‌కి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) వేసినప్పుడు పిచింగ్ కోచ్ హౌసే. తన కాలంలో స్టెరాయిడ్స్ వాడానని 2005లో తనే బయటపెట్టాడు కూడా, ఆ నిజాయితీ నాకు నచ్చింది.

మనవాళ్ళకి ఆయన తెలియాల్సింది ఇంకోందుకు. 2008లో ఇండియాలో పోటీ పెట్టి ఇద్దరు కుర్రాళ్ళని ఎంపిక చేసి అమెరికా తీసుకొచ్చారు కదా, రింకూ సింగ్, దినేశ్ పటేల్, ఉత్తరప్రదేశ్ పిల్లలు, జావెలిన్ విసిరేవాళ్ళు, అప్పటిదాకా బేస్‌బాల్ ముట్టనివాళ్ళు. వాళ్ళకి లాస్ ఏంజెలిస్‌లో పిచింగ్ నేర్పింది ఈ హౌసే. నెలల్లోనే, అదే ఏడాది చివర్లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దర్నీ సైన్ చేసింది. ఇద్దరూ మేజర్స్ దాకా రాలేదు, దినేశ్‌ని 2010లో వదిలేశారు, రింకూ మోచేయి సర్జరీలతో కొన్నేళ్ళు పోరాడి కుస్తీ వైపు వెళ్ళిపోయాడు. అయినా సున్నా నించి అక్కడిదాకా తీసుకెళ్ళడం మామూలు విషయం కాదండీ.

ఇండియా నించి వచ్చినవాళ్ళ మాట వచ్చింది కాబట్టి, నా క్రికెట్ వల్ల చేసిన తప్పు ఒకటి. మావాడికి పదేళ్ళప్పుడు నేనే కోచ్‌ని, ఫాస్ట్ బౌలింగ్ చేసినోడిని, విసరడం నాకు తెలీదా అనే పొగరు. బౌలింగ్‌లో మోచేయి చాపి ఉంచాలి, అక్కడ మనకి రన్నప్ వేగం సాయం ఉంటుంది. పిచింగ్‌లో రన్నప్ లేదు, నిలబడ్డ చోటి నించి ఒక్క అడుగు, నడుము తిరగాలి, తర్వాత ఛాతీ, ఆ తర్వాతే మడిచిన చెయ్యి కొరడాలా రావాలి. నేను వాడికి చెయ్యి పైకెత్తి నిటారుగా తెమ్మని పోరుపెట్టా. రెండు నెలలకి భుజం నొప్పి అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు ఒక కోచ్ దగ్గరికి తీసుకెళ్ళా. ఆయన డబుల్ ఏ లెవెల్‌లో (మైనర్స్‌లో ఒక మెట్టు) ఆగిపోయిన మనిషి, భుజానికి రెండు ఆపరేషన్లు. మొదటి లెసన్‌లో ఇరవై నిమిషాలు నోరు తెరవలేదు, వెనక నించి, పక్క నించి చూశాడు. నేను లోపల తిట్టుకుంటున్నా, గంటకి ఇంత తీసుకుని నుంచుని చూస్తాడేంటి అని. తర్వాత వాడినే అడిగాడు, "నొప్పి వచ్చేది చెయ్యి వెనక్కి వెళ్ళేటప్పుడా, బంతి వదిలాకా?" ఆ ప్రశ్న నేను రెండు నెలల్లో ఒక్కసారి అడగలేదు. ఆ రోజు ఒక్కటే మార్చాడు, ముందుకాలు పడే చోటు. చేతి గురించి మాట్లాడనేలేదు.

దానికి రివర్స్ కూడా చూశా. మా లీగ్ పిల్లోడు ఒకడిని మేజర్స్‌లో కొన్నాళ్ళు ఆడిన ఒకాయన దగ్గర వేశారు, పేరు వద్దు. ప్రతి పిల్లాడికీ ఒకటే పాఠం, తను ఎలా వేసేవాడో అది. ఆరడుగుల నాలుగు అంగుళాల మనిషి యాక్షన్ అయిదడుగుల పిల్లాడికి ఎలా సరిపోద్ది? రాడార్ గన్ పెట్టి ప్రతి బంతికీ స్పీడ్ అరిచేవాడు, పిల్లలకి అది మహా కిక్కు. ఆ అబ్బాయి పదమూడో ఏట మోచేయి పట్టుకుని ఆరు నెలలు కూర్చున్నాడు. మొత్తం ఆ కోచ్ తప్పే అనను, వాడు ఒకేసారి రెండు టీమ్‌లకి ఆడుతున్నాడు, లెక్కపెట్టేవాడు లేడు. 2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ వాళ్ళే పిచ్చర్ల గాయాల మీద రిపోర్ట్ విడుదల చేశారు, అందులో కూడా మొదటి ముద్దాయి ఈ వేగం పిచ్చే.

అసలు ఆడనివాళ్ళ సంగతేంటి అంటారేమో. ఇప్పుడు వాళ్ళ కాలం కూడా వచ్చింది, కైల్ బాడీ అనే ఆయన ప్రొఫెషనల్‌గా ఆడకుండానే డ్రైవ్‌లైన్ అని ట్రైనింగ్ సెంటర్ పెట్టి, తర్వాత సిన్సినాటి రెడ్స్ పిచింగ్ విభాగంలో పెద్ద ఉద్యోగం చేశాడు. బరువు బంతులు, హైస్పీడ్ కెమెరాలు అన్నీ మంచివే, కానీ 12 ఏళ్ళ పిల్లాడికి వాటి అవసరం నాకు కనపడలేదు. యంత్రం చూపించి ప్యాకేజ్ అమ్మేవాళ్ళ దగ్గర కొంచెం జాగ్రత్త.

సరే, మీరు ట్రయల్ లెసన్‌కి వెళ్ళినప్పుడు ఏం చూడాలి. మొదటి పావుగంటలో కోచ్ ఎంత మాట్లాడాడు, ఎంత చూశాడు. మీవాడికి ఒకే రోజు అయిదు మార్పులు చెప్పాడా ఒకటి చెప్పాడా, అయిదు చెప్తే ఇంటికొచ్చేసరికి ఒక్కటీ మిగలదు. గత వారం ఎన్ని బంతులు వేశావు అని అడిగాడా లేదా. ఈ ప్రశ్న అడగనివాడు హాల్ ఆఫ్ ఫేమ్ అయినా నేను వెనక్కి వచ్చేస్తా. కర్వ్‌బాల్ (వంపు తిరిగే బంతి) నేర్పుతానని ముందే ఊరిస్తే కూడా అంతే, 12 ఏళ్ళ వరకు ఫాస్ట్‌బాల్, చేంజప్ (అదే చేతి ఊపుతో వచ్చే నెమ్మది బంతి) చాలు అని మేజర్ లీగ్ వాళ్ళ పిచ్ స్మార్ట్ గైడ్‌లైన్సే చెప్తున్నాయి. ఇంకా, మొహమాటపడకుండా కోచ్‌నే అడగండి, "మీకు చెయ్యి ఎప్పుడైనా దెబ్బతిందా, ఎందుకు తింది అనుకుంటున్నారు?" అని. తన కథలో తన తప్పు కూడా చెప్పేవాడు దొరికితే వదలకండి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు మేనేజర్‌నీ డాక్టర్‌నీ తిట్టి ఊరుకుంటే, రేపు మీవాడికి నొప్పొచ్చినా అదే పాట.

మీరు అడగలేదు కానీ, లిటిల్ లీగ్ రూల్ ప్రకారం 11-12 ఏళ్ళవాళ్ళకి రోజుకి 85 పిచ్‌లు గరిష్టం, 66 లేదా ఆపైన అయితే నాలుగు రోజులు రెస్ట్, 51 నించి 65 అయితే మూడు, 36 నించి 50 అయితే రెండు, 21 నించి 35 అయితే ఒకటి. ట్రావెల్ టోర్నమెంట్లలో చాలాచోట్ల ఇన్నింగ్స్ లెక్కే గానీ పిచ్‌ల లెక్క ఉండదు, శనివారం ఒక టీమ్‌కీ ఆదివారం ఇంకో టీమ్‌కీ వేస్తే కలిపి కూడేది ఎవరూ ఉండరు. పిచింగ్ అయ్యాక క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడు) నుంచోబెడితే ఆ విసరడం కూడా చేతికి లెక్కే. పది డాలర్ల లోపు చేత్తో నొక్కే కౌంటర్ దొరుకుతుంది, గుళ్ళో ప్రదక్షిణలకి వాడతారు చూడండి అదే, ఒకటి కొని మీ జేబులో పెట్టుకోండి. రెండు ట్రయల్స్ అయ్యాక కింద రాయండి, వీలైతే పక్క నించి తీసిన వీడియో పెట్టండి, స్లో మోషన్‌లో, కాళ్ళు కూడా కనపడేలా.